దంతానికి మూడవ జన్మ ఉన్నదా?

సంస్కృతంలో దంతానికి 'ద్విజము' అనే పేరు ఉన్నది. పాలపన్నుగా ఒకసారి, శాశ్వత దంతంగా మరొకసారి పుడుతుంది గనుక రెండు జన్మలు కలదని అర్థం. నేటి విజ్ఞానశాస్త్రం దానికి మూడవ జన్మను ప్రసాదించగలదా అన్న ప్రశ్న ఇప్పుడు వినవస్తున్నది. దెబ్బతిన్న దంతానికి, పోయిన ఖనిజాన్ని తిరిగి చేర్చే జీవానుకరణ పదార్థాలు, అనగా ప్రకృతి పనితీరును అనుకరించి మనిషి తయారుచేసిన పదార్థాలు, ఈ ప్రశ్నకు మూలం. ఈ పరిశోధనను మనస్ఫూర్తిగా ఆహ్వానించవలసినదే. అయితే అది మన బాధ్యతను తగ్గించేది కాదని మా అభిప్రాయం.

దంతంపై ఉండే ఎనామిల్ పొర మానవదేహంలోకెల్లా కఠినమైనది. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికాలు అందులో కట్టలు కట్టినట్లు అమరి ఉంటాయి. విచిత్రమేమంటే, ఈ పొరను నిర్మించే కణాలు దంతం చిగురును చీల్చుకొని వెలికి వచ్చేసరికే నశిస్తాయి. విరిగిన ఎముక అతుకుతుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామిల్‌కు ఆ భాగ్యం లేదు. ఇల్లు అప్పగించిన మేస్త్రీ మళ్ళీ రాని దారి పట్టినట్లే.

అయినా ప్రకృతి మనలను నిరాధారంగా విడువలేదు. తీపి తిన్నప్పుడల్లా నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లాన్ని పుట్టిస్తాయి. పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజం కరగనారంభిస్తుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని శాంతింపజేసి, తనలోని కాల్షియం, ఫాస్ఫేట్‌లను తిరిగి పొరకు అందిస్తుంది. ఈ జమాఖర్చు దినమంతా సాగుతూనే ఉంటుంది. ఖర్చు జమను మించితే మొదట తెల్లని మచ్చ, అటుపై గుంట ఏర్పడుతాయి.

శాస్త్రజ్ఞులు అనుకరించదలచినది ఈ జమ వైపునే. జపాన్‌లో 1980లోనే హైడ్రాక్సీ అపటైట్ కలిపిన టూత్‌పేస్టు విపణికి వచ్చింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ రేనాల్డ్స్ బృందం, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు సహాయంతో కాల్షియం, ఫాస్ఫేట్‌లను దంతానికి చేరవేసే పదార్థాన్ని రూపొందించింది. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన పి-11-4 అనే చిన్న పెప్టైడ్, మచ్చలోనికి ఇంకి తనంతతానే అల్లుకొని, తీగకు పందిరి వలె ఖనిజానికి ఆధారంగా నిలుస్తుంది. ఇవన్నీ ప్రశంసనీయమైన ప్రయత్నాలే. కాని వీటి ప్రయోజనం ప్రధానంగా తొలిదశలోని మచ్చకే పరిమితం. గుంట పడిన పంటిని ఇవి పూడ్చలేవు. అప్పుడు వైద్యుని సిమెంటే శరణ్యం. మూడవ జన్మ ఇంకా రాలేదు, రెండవ జన్మకు ఆయువు పెంచే ఉపాయం మాత్రమే దొరికింది.

మరమ్మతుకంటే నివారణ ఎంత ముఖ్యమో మన ప్రాంత చరిత్రే చెబుతున్నది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారి శాస్త్రీయంగా నివేదించినది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుండి. పిమ్మట నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడిపోయింది. స్వల్ప మోతాదులో ఎనామిల్‌ను కాపాడే ఫ్లోరైడే, మోతాదు మించితే దంతాలు రూపొందే బాల్యంలో ఆ పొరను గుల్లబరచి, మచ్చలు తెస్తుంది. ఏళ్ళ తరబడి మించితే ఎముకలనే వంచుతుంది. అతి అయితే అమృతమూ విషమే గదా! పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూరులోని నీరీ సంస్థ 1970వ దశకంలో రూపొందించింది. అది 'నల్లగొండ పద్ధతి' పేరుతో ఆఫ్రికా దేశాలకు సైతం చేరింది. నదీజలాలను ఇంటింటికీ అందించే మిషన్ భగీరథ 2016 ఆగస్టు 7న ప్రారంభమైనది కూడా నాటి మన మెదక్ జిల్లాలోని కోమటిబండలోనే. వంగిన ఎముకలను ఏ లేపనమూ సరిచేయలేదు. పుట్టబోయే బిడ్డలను కాపాడగలిగినది నీటి మార్పే.

ఇక్కడ రెండు వాదాలను మేము అంగీకరించలేము. శాస్త్రం వచ్చింది గనుక భయం లేదనేది మొదటిది. తాతలనాటి వేపపుల్లే చాలు, ఇవన్నీ వ్యాపారపు మాయ అనేది రెండవది. వేపపుల్ల పాచిని తొలగించగలదు, పోయిన ఖనిజాన్ని తేలేదు. తాతల తిండిలో నేటివలె చక్కెర లేదన్న సంగతిని మనం మరువరాదు. ఇక కొత్త పదార్థాలు ఖరీదైనవి. బీడీలు చుట్టే తల్లుల సంపాదనతో చదువుకొనే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. వారికి అవి నేడే అందుతాయనుకోవడం ఆత్మవంచన. సామాన్యమైన ఫ్లోరైడు పేస్టు, రాత్రి పడుకొనే ముందు దంతధావనం, మాటిమాటికీ తీపి తినకుండుట అందరికీ అందుబాటులోని సాధనాలు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు. కళాశాలలో తాగే నీటిని ఏటా పరీక్ష చేయించి, ఫ్లోరైడు ఎంతో నోటీసు బోర్డుపై ప్రకటించాలి. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మేలు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి ఉన్నది. ఏటా ఒకసారి దంతవైద్యుని పిలిపించి విద్యార్థులందరినీ పరీక్షింపజేయాలి. ఏ పదార్థమైనా ఫలించేది తెల్లమచ్చ దశలోనే గనుక, ఆ మచ్చను కనిపెట్టడమే సగం చికిత్స. ఈ విషయాలను ఉర్దూ, తెలుగు భాషలలో గోడపత్రికగా వెలువరించే బాధ్యతను సైన్సు విద్యార్థులకు అప్పగించాలి.

విద్యార్థులారా! ప్రయోగశాలలలో శాస్త్రజ్ఞులు పంటికి పందిరి వేస్తున్నారు. తీగను బతికించుకొనే పని మనదే. చేతులు కాలాక ఆకులు పట్టుకొనే జాతిగా మిగలకుండుటే చదువుకున్నందుకు తొలి గుర్తు కాగలదని ఆశిస్తున్నాము.