డ్రోన్ గంజాయి మొక్కను చూస్తది, పిల్లగాణ్ణి చూడదు



మారేడ్‌పల్లికి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే. ఏజెన్సీ నుంచి చదువులకు, కోచింగులకు వచ్చి ఈ చుట్టుపక్కల రూముల్లో ఉండే మనోళ్లంతా ఆ స్టేషన్‌లోనే దిగుతరు. గంజాయి సంచులతో పిల్లలు దొరికారన్న వార్తలు వచ్చేదీ అక్కడి నుంచే. దొరికినోడిది ఏ ఊరని చూస్తే గుండె జారుతది, మన కొండల పిల్లగాడేమోనని. సంచి మోసినోడు జైలుకు, పంపినోడు ఇంటికి.

టెక్నాలజీ రాలేదని ఎవరంటరు? అల్లూరి సీతారామరాజు జిల్లాలో గంజాయి తోటల కోసం పోలీసులు డ్రోన్లు ఎగరేస్తున్నరు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టిన్రు. సమాచారం ఇయ్యడానికి తెలంగాణలో 1908, ఆంధ్రలో 1972 నంబర్లున్నయి. ఉండాలి కూడా. కానీ మత్తుకు అలవాటుపడ్డ పిల్లగాడు బయటపడాలనుకుంటే పోలీసు నంబరుకు ఫోన్ చేస్తడా? మీరైతే చేస్తరా?

వానికి పనికొచ్చే నంబర్లు వేరే. 14446 మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్. 14416 టెలి మానస్, 2022 అక్టోబర్‌లో మొదలైంది. రెండూ ఉచితమే. మన హాస్టల్ గోడల మీద ఇవి ఎక్కడైనా కనిపించాయా, చెప్పండి.

కేసు భయం గురించి కూడా మాట్లాడుకోవాలె. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. వ్యసనంలో ఉన్నోడు వాడకం కేసులోనో, చిన్న మోతాదు కేసులోనో ఇరుక్కున్నా, తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయికి చిన్న మోతాదు అంటే కిలో వరకే. అదే 20 కిలోలు దాటిన సంచి మోస్తే కనీసం పదేండ్ల జైలు, బెయిలు కూడా కష్టం. "సంచి అందిస్తే చాలు, పైసలు ఫోన్‌లో వేస్తం" అనేటోడు ఈ ముక్క చెప్పడు. ఇది మనమే ఒక నిమిషం వాయిస్ మెసేజ్ చేసి ఊరి గ్రూపుల్లో తిప్పాలె.

సిగ్నలే లేని ఊర్లకు యాప్ తెచ్చి ఏం లాభమంటరా? నిజమే, నాకూ యాప్‌ల మీద పెద్ద మోజు లేదు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర చూడండి. మామూలు బటన్ ఫోన్ నుంచే గోండిలో తమ ఊరి సమస్య చెప్పి రికార్డు చేసిన్రు జనం. మత్తు హెల్ప్‌లైన్ ఆ పద్ధతిలో ఎందుకు నడపకూడదు? మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి చేయాలె, కోయ, గోండి, కువి వచ్చినోళ్లు మాట్లాడాలె. మనలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నోళ్లు ఎంతమంది లేరు! శిక్షణ ఇచ్చి ఐటీడీఏ ఆ ఉద్యోగాలు మనకే ఇయ్యాలె.

ఇక మందు సంగతి. పండుగకు పెద్దలు పట్టుకునే ఇప్పసారా వేరు, పొద్దుగాల్నే తెరిచే బెల్టు షాపు వేరు. ఆచారం పేరు చెప్పి రెండోదాన్ని కాపాడకండి. మత్తు అమ్మకాలను నిషేధించే, నియంత్రించే అధికారం 1996 పెసా చట్టంలో గ్రామసభకు ఉంది. బెల్టు షాపు ఫొటో తీయండి, తేదీ, లొకేషన్ పడేటట్టు. సభలో తీర్మానం రాయించి, ఫొటో జతచేసి కలెక్టర్‌కు, ఐటీడీఏ పీవోకు పంపండి. రసీదు అడగండి. జవాబు రాకపోతే ఆ రసీదు పట్టుకుని మళ్లీ పోదాం, అందరం కలిసి.