పేజీ వదిలి బయటికొస్తేనే తెలిసేది

బాగా చదువుకున్నవాళ్లు అంత తేలిగ్గా మోసపోరని మనకో నమ్మకం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో వెలువరించిన అధ్యయనం చదివాక ఆ నమ్మకం నిలవదు. చరిత్రలో పీహెచ్‌డీ చేసినవాళ్లు 10 మంది, స్టాన్‌ఫర్డ్ డిగ్రీ విద్యార్థులు 25 మంది, వృత్తిగా ఫ్యాక్ట్‌చెకింగ్ చేసేవాళ్లు 10 మంది. వీళ్లకు కొన్ని వెబ్‌సైట్లు చూపించి, ఎంతవరకు నమ్మవచ్చో తేల్చమన్నారు.

అందులో ఒకటి కనీస వేతనం గురించినది. అమెరికాలో ఆ మాటెత్తితే చాలు, పార్టీలవారీగా కొట్టుకుంటారు. సైటు చూడ్డానికి పద్ధతిగా ఉంది. పరిశోధనలకు లింకులున్నాయి. నడిపేది ఎంప్లాయ్‌మెంట్ పాలసీస్ ఇన్‌స్టిట్యూట్ అనే లాభాపేక్ష లేని సంస్థ అని రాసుంది. విద్యార్థుల్లో సగానికి పైగా, చరిత్రకారుల్లోనూ కొందరు దాని వెనక ఎవరున్నారో కనుక్కోలేకపోయారు. ఫ్యాక్ట్‌చెకర్లు మాత్రం ఆ సైటులో ఎక్కువసేపు ఉండలేదు. కొత్త ట్యాబ్ తెరిచి ఆ సంస్థ పేరు వెతికారు. దాన్ని నడిపేది వాషింగ్టన్‌లోని ఒక పీఆర్ కంపెనీ అనీ, ఆ కంపెనీ రెస్టారెంట్ల, హోటళ్ల పరిశ్రమ తరఫున పనిచేస్తుందనీ బయటపడింది. కనీస వేతనం పెరిగితే భారం పడేది ఆ యజమానుల మీదే.

చరిత్రకారులు చేతికొచ్చిన పత్రాన్ని నిదానంగా, అక్షరం అక్షరం చదవడంలో ఆరితేరినవాళ్లు. ఆ ఓపికే ఇక్కడ దెబ్బతీసింది. ఎదుటివాడు ఏం చూపించదలిచాడో దాన్నే మరింత శ్రద్ధగా చూశారు. లోగో, గంభీరమైన పేరు, చివర డాట్ ఓఆర్‌జీ... ఇవన్నీ డబ్బిస్తే ఎవరికైనా దొరికేవే.

మన తెలుగు రాజకీయ గొడవల్లోనూ ఫ్యాక్ట్‌చెకర్ల పద్ధతి పనికొస్తుంది. కాకపోతే ఒక ఇబ్బంది ఉంది. అక్కడి ఫ్యాక్ట్‌చెకర్లు పక్క ట్యాబులో పేరున్న పత్రికల కథనాల మీద ఆధారపడగలిగారు. ఇక్కడ ఏ పత్రిక ఏ పార్టీ వైపో పాఠకుడికి పేరు వింటేనే తెలుసు. అందుకే ఒకదానికొకటి పడని రెండు పత్రికలూ ఒప్పుకుంటున్న సంగతి ఏమిటో ముందు చూడాలి. ఆ తర్వాత మూలపత్రం దగ్గరికి వెళ్లాలి. జీవో అన్నారంటే నంబరు, తేదీ అడగాలి. నాయకుడి ఆస్తుల మాటైతే ఎన్నికల అఫిడవిట్ ఉంది. రాష్ట్రం అప్పుల మాటైతే బడ్జెట్ పత్రాలు, కాగ్ నివేదికలు ఉన్నాయి. వాటిని తెరిస్తే ఇంకో సంగతీ తెలుస్తుంది: బడ్జెట్‌లో చూపిన అప్పు వేరు, ప్రభుత్వ హామీతో కార్పొరేషన్లు తెచ్చిన అప్పు వేరు. ఒకరు మొదటిదే చెబితే, ఇంకొకరు రెండూ కలిపి చెబుతారు. రెండు అంకెలూ నిజమే కావచ్చు, రాత్రంతా తిట్టుకున్నవాళ్లు మాత్రం దేన్ని లెక్కపెడుతున్నామన్నది ఒక్కసారీ అడగరు.

ఫేస్‌బుక్ పేజీలైతే మరీ తేలిక. ప్రతి పేజీకీ ట్రాన్స్‌పరెన్సీ అనే భాగం ఉంటుంది. పేజీ ఎప్పుడు పుట్టింది, ఎన్నిసార్లు పేరు మార్చుకుంది అందులో కనిపిస్తాయి. నిన్నటిదాకా సినిమా హీరో అభిమానుల పేజీగా ఉన్నది ఎన్నికల ముందు వార్తాసంస్థ పేరు పెట్టుకుంటే అక్కడ దొరికిపోతుంది. నిమిషం పని. ఆ నిమిషం కూడా పెట్టకుండా బావమరిదితో ఏడాదిపాటు మాటలు మానేసే కుటుంబాలున్నాయంటే బాధగా ఉంటుంది.

ఇలా పేజీ వదిలి బయట వెతకడం నేర్పితే వచ్చే విద్యే. నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరంలో హైస్కూలు పిల్లలకు సివిక్స్ తరహా క్లాసులోనే 50 నిమిషాల పాఠాలు ఆరు చెప్పారు. ఆ పాఠాలు వినని పిల్లలకన్నా వీళ్లు స్పష్టంగా మెరుగయ్యారు. మన పదో తరగతి సోషల్ టీచర్లకు ఆరు పీరియడ్లు ఇవ్వడం ప్రభుత్వాలకు పెద్ద పనేం కాదు, ఈ విద్యాసంవత్సరమే మొదలుపెట్టవచ్చు.