చివరి కుళాయి నీళ్లు

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని మన పెద్దల మాట. అందులో మొదటి సగం ఎంత నిజమో చూడాలంటే మన ఊరి కుళాయి దగ్గరకు వెళితే చాలు. పలనాటిలో చాలా పల్లెల్లో నీరు పైకి ఎక్కదు. అందుకని కుళాయి కింద గుంట తవ్వి, బిందెను ఆ గుంటలో దించి పట్టుకుంటాము. పక్కనే మురుగు కాలువ ఉంటుంది. వాన పడితే ఆ మురుగు గుంటలోకి చేరుతుంది. నీళ్లు వదలడం ఆపగానే గొట్టం ఖాళీ అయి, పగులు ఉన్నచోట బయటి మురికిని లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు మన బిందెలోకి మొదట వచ్చేది ఆ నీరే.

2018 మార్చిలో గుంటూరు పట్టణంలో మురుగు మంచినీటి గొట్టాల్లో కలిసి, వందలాది మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2024లో మన పిడుగురాళ్ల, దాచేపల్లి ప్రాంతాల్లోనూ విరేచనాలు ప్రబలాయి. ఇలాంటప్పుడు ఇంటింటా వినిపించే మాట ఒకటే, “నీళ్లు తేటగానే ఉన్నాయి గదా” అని. తేటదనం కంటికి తెలుస్తుంది. క్రిమి కంటికి తెలియదు.

మరి ఎలా తెలుసుకోవాలి? ప్రయోగశాలలో చేసే మామూలు పరీక్షలో నీటిలోని సూక్ష్మక్రిములను పెంచి చూస్తారు. దానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. నమూనాను చల్లగా ఉంచి పట్నం చేర్చడానికి పట్టే సమయం వేరు. ఈలోగా ఊరంతా ఆ నీళ్లు తాగేస్తుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి గ్వాలియరులోని రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసిన మాంజా, మౌర్య, రావు అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒక చిన్న సీసా పరీక్షను రూపొందించి 1982లో ప్రకటించారు. మందులో తడిపి ఆరబెట్టిన కాగితం ముక్క ఆ సీసాలో ఉంటుంది. అందులో గుర్తు వరకు నీరు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఉంచాలి. మలంతో పాటు వచ్చే క్రిములు నీటిలో ఉంటే, అవి పెరుగుతూ కుళ్లిన కోడిగుడ్డు వాసన గల వాయువును విడుస్తాయి. అది కాగితంలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. మన ఎండలకు ఒక్క రోజులోనే సంగతి తేలిపోతుంది. చదువురాని తల్లి కూడా ఆ నలుపును చదవగలదు.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పాలని ఏర్పాటు ఉంది. మీ ఊరిలో ఆ ఐదుగురు ఎవరో, సీసాలు ఎక్కడ ఉన్నాయో పంచాయతీ కార్యదర్శిని అడగండి. అడిగినప్పుడు ఒక మాట మరువకండి. నమూనాను ట్యాంకు దగ్గర పట్టవద్దు, చివరి కుళాయి దగ్గర పట్టమనండి. ట్యాంకులో వేసిన క్లోరిన్ గొట్టం పొడవునా తగ్గుతూ పోతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు కుళాయి దాకా మిగలాలన్నది నియమం. మన పేటలు, కాలనీలు చాలా ఊళ్లలో గొట్టం చివరనే ఉంటాయి. ట్యాంకు దగ్గర సీసా తెల్లగా ఉందని కాగితం మీద రాసుకుంటే, కాలనీ పిల్లవాడి కడుపునొప్పి తగ్గదు.

సీసా నల్లబడలేదు గనుక భయం లేదనుకోవద్దు. అది వైరస్‌లను పట్టలేదు. 1955 చివరలో ఢిల్లీలో యమున నుండి మురుగు మంచినీటిలో కలిసింది. క్లోరిన్ ఎక్కువగా వేయడంతో టైఫాయిడ్ వంటివి పెద్దగా పెరగలేదు గాని, సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అనే వైరస్ అని ఎన్నో ఏళ్ల తరువాత తేలింది. గర్భిణులకు అది ప్రాణాంతకం కాగలదు. వైరస్‌ను పట్టాలంటే పి.సి.ఆర్. పరీక్ష కావాలి. 2020లో హైదరాబాదు శాస్త్రవేత్తలు మురుగునీటిలో కరోనా ఆనవాళ్లు పట్టింది అలాగే. ఆ పద్ధతితోనే చికాగో నగరంలో 2017 నుండి స్నానాల తీరాల్లో నీటి సంగతి కొన్ని గంటల్లో తేలుస్తున్నారు. ఆ యంత్రాలు మన పల్లెకు రాలేదు. మన బోరునీటిలోని ఫ్లోరిన్ సంగతి కూడా ఈ సీసా చెప్పదు. దానికి పరీక్ష వేరు, అది కాచినా పోదు.

అయితే వైరస్ గానీ, బాక్టీరియా గానీ కాగే నీటికి నిలవవు. నీళ్లు కళపెళ కాగిన తరువాత ఇంకో నిమిషం ఉంచి దించండి. అదే పాత్రలో మూతపెట్టి చల్లార్చండి. ముంచుకోవడానికి పొడుగు కాడ గరిటె వాడండి. గ్లాసుతో పాటు వేళ్లు కూడా నీటిలో మునిగితే కాచిన కష్టం వృథా. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండండి. తల్లిపాలు ఆపవద్దు. మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా పడివున్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నల్లబడిన సీసాలో క్రిములు పెరిగి ఉంటాయి. పిల్లల చేతికి ఇవ్వక, బ్లీచింగ్ పొడి కలిపి ఉంచిన తరువాతే పారబోయండి.

మన సంఘాల్లో ప్రేమవిందులకు, క్రిస్మస్ కూడికలకు వందల మందికి నీళ్లు పోస్తాము. వంటకు ఎన్ని కేజీల బియ్యమో ముందే లెక్కవేసుకుంటాము గదా. తాగే నీళ్ల సంగతి కూడా రెండు రోజుల ముందే చూసుకుందాం. స్త్రీల సమాజం వారు ఒక సీసా తెప్పించి, గుడి కుళాయి నీళ్లు, కాలనీ చివరి కుళాయి నీళ్లు పరీక్షిస్తే ఎంతో మేలు. నల్లబడితే దాచవద్దు, ఎవరినీ నిందించవద్దు. ఆ సీసాను పంచాయతీ బల్ల మీద పెట్టి, గొట్టం బాగుచేయమని నలుగురూ కలిసి అడగండి. గొట్టం బాగయ్యేవరకు పొయ్యి మీద నీళ్ల గిన్నె దించవద్దు.