మురుగునీటికి ఎండ కరెంటు: ఎవరి డబ్బు, ఎవరి చాకిరీ?

ఈ సంచిక సంపాదకీయం మురుగునీటి శుద్ధి కేంద్రాలకి సోలారు కరెంటు, బ్యాటరీల గురించి రాస్తానంటే మా సంపాదకవర్గంలో ఒక మిత్రురాలు ‘అది ఇంజనీర్ల పత్రికకి పంపరాదూ’ అని నవ్వింది. ఆమె నవ్వులో తప్పేం లేదు. హింస, భూమి, కూలి, ఆరోగ్యం మన సమస్యలనీ, పంపులూ మోటార్లూ బ్యాటరీలూ మగవాళ్ళ సంగతులనీ ఒక విభజన మన బుర్రల్లో కూడా స్థిరపడిపోయి ఉంది. కానీ మోటారు ఆగిన రోజు బిందె ఎవరి చంకకెక్కుతుందో, మోరీ పొంగిన రోజు చీపురు ఎవరి చేతికొస్తుందో మనకి తెలుసు. అందుకే రాస్తున్నాను.

పరిశోధన కోసం నేను మొదటిసారి ఉట్నూర్ వెళ్ళి పదిహేనేళ్ళు దాటింది. అప్పుడది ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లా నాలుగు ముక్కలైంది. ఉట్నూర్ మాత్రం ఐటీడీఏ ఆఫీసుతో, హాస్టళ్ళతో, అంగడితో, చుట్టూ ఉన్న గోండు, కొలాం గూడేలకి కేంద్రంగా అలాగే ఉంది. ఇళ్ళు పెరిగాయి, అద్దె గదులు పెరిగాయి, నల్లాలు వచ్చాయి. నల్లా వచ్చిన ప్రతిచోటా మురుగు కూడా వస్తుంది. ఇంట్లోకి వచ్చిన నీళ్ళలో ఎక్కువభాగం మళ్ళీ బయటికే పోతాయి కదా! నీళ్ళు ఇవ్వడానికి పథకం ఉంది, శిలాఫలకం ఉంది, పేరు ఉంది. పోయే నీళ్ళకి ఇవేవీ లేవు.

పోయిన వానాకాలం వెళ్ళినప్పుడు ఒక ఇంటి వెనక మోరీ పక్కన గిన్నెలు తోముతున్న ఒకామెని ‘ఈ నీళ్ళు ఎటుపోతాయమ్మా’ అని అడిగాను. ‘ఎటు పోతయ్ మేడం, కిందికే పోతయ్. కింద ఒర్రె ఉన్నది. అవతల గూడెమోళ్ళు దాంట్లనే పసులకు నీళ్ళు తాపుతరు, బట్టలు పిండుతరు’ అంది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు, ఆశ్చర్యమూ లేదు. నీళ్ళు పల్లానికి పోతాయి. ఆ పల్లంలో ఎవరుంటారన్నది మాత్రం ప్రకృతి తేల్చిన విషయం కాదు.

సోషియాలజీ చదువుకున్నవాళ్ళకి లెక్కలు రాసుకునే జబ్బు ఒకటి ఉంటుంది. మూడు రోజులపాటు ఆ మోరీ దగ్గర ఏ గంటకి నీళ్ళు ఎలా వస్తున్నాయో రాసుకున్నాను. పొద్దున్న ఐదున్నరకి మొదలై ఎనిమిదిన్నర దాకా నిండుగా పారింది. మధ్యాహ్నానికి సన్నని ధార. సాయంత్రం ఆరు దాటాక మళ్ళీ నిండింది. ఇంజనీర్లు దీన్ని గరిష్ఠ ప్రవాహం అంటారు. ఏ శుద్ధి కేంద్రానికైనా రోజుకి రెండుసార్లు వచ్చే ఆటుపోట్లని వాళ్ళ పుస్తకాల్లో గీతలు గీసి మరీ చూపిస్తారు. నాకా గీత చూస్తే ఇంకొకటి కనిపించింది. పిల్లల్ని లేపి స్నానాలు చేయించడం, బియ్యం కడగడం, గిన్నెలు, బట్టలు, మళ్ళీ సాయంత్రం వంట. మురుగు ప్రవాహపు గంటల పట్టిక ఆడవాళ్ళ పని గంటల పట్టికే. జీతం లేని చాకిరీకి లెక్క ఎక్కడుందని మనం ఇన్నేళ్ళుగా అడుగుతూ వచ్చాం. అది మోరీలో పారుతోంది, కొలుచుకునేవాళ్ళే లేరు.

ఇక్కడే బ్యాటరీ సంగతి వస్తుంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు సోలారు పలకలు ఎక్కువ కరెంటు ఇస్తాయి. మన ప్రాంతంలో ఒక కిలోవాటు పలక రోజుకి సగటున నాలుగు యూనిట్లదాకా ఇస్తుంది, అదీ ఎక్కువగా పొద్దున్న పదినుంచి మూడు మధ్యన. మురుగు వచ్చేది తెల్లారిందాకా ఆగదు, చీకటి పడ్డాకా ఆగదు. సాధారణంగా కట్టే శుద్ధి కేంద్రంలో మురుగుని తినే సూక్ష్మజీవులకి గాలి ఊదుతూ ఉండాలి. కేంద్రం వాడే కరెంటులో సగానికి పైగా ఈ గాలి ఊదే యంత్రాలకే పోతుంది. గంటల తరబడి గాలి ఆగితే ఆ సూక్ష్మజీవులు చస్తాయి, తిరిగి పెంచుకోవడానికి రోజులు పడుతుంది. కాబట్టి పగటి ఎండని రాత్రికీ తెల్లవారుజాముకీ దాచుకోవడం అవసరం. పట్నంలో అయితే మిగిలిన కరెంటు లైనుకిచ్చి, కావలసినప్పుడు లైనునుంచి తీసుకోవచ్చు, బ్యాటరీ ఖర్చు తప్పుతుంది. గాలివానకి చెట్టుకొమ్మ విరిగిపడితే రాత్రంతా కరెంటు రాని ఏజెన్సీలో ఆ వీలు తక్కువ. బ్యాటరీ ఎక్కువ అవసరం అడవి అంచున ఉన్నవాళ్ళకి. దానికోసం డబ్బు మాత్రం వాళ్ళదాకా రావడం లేదు.

దేశం మొత్తం పరిస్థితి చూద్దాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్కల ప్రకారం పట్టణాల్లో రోజుకి 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, కట్టిన కేంద్రాల సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు, నిజంగా శుద్ధి అవుతున్నది 20,235 మిలియన్ లీటర్లు. అంటే కట్టిన దాంట్లోనే మూడో వంతుకి పైగా పనిచేయడం లేదు. ఇళ్ళనుంచి గొట్టాలు కలపకపోవడం ఒక కారణం. మనుషుల్ని పెట్టకపోవడం ఒక కారణం. కరెంటు ఖర్చు ఇంకొక కారణం. కట్టడానికి కేంద్రమో రాష్ట్రమో డబ్బిస్తుంది, రిబ్బను కత్తిరిస్తారు. నడపడానికయ్యే ఖర్చు మునిసిపాలిటీ నెత్తిన పడుతుంది, అందులో పెద్ద పద్దు కరెంటు బిల్లు. బిల్లు కట్టలేనిచోట యంత్రాలు ఆపేస్తే మురుగు అలాగే వాగులోకి పోతుంది. ఆ పద్దుని తగ్గించగల సోలారుకి ప్రజాధనం పెట్టమనడం అందుకే సబబైన కోరిక. దాన్ని పర్యావరణ ఫ్యాషన్ అని కొట్టిపారేసే మన మిత్రులతో నేను ఏకీభవించను.

కరెంటు పోతే ఇంకొకటి కూడా జరుగుతుంది. పంపు ఆగి, గొట్టం పూడుకుని, మ్యాన్‌హోలు పొంగితే యంత్రం బదులు మనిషిని దింపుతారు. 2013 చట్టం దాన్ని నిషేధించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగుకాలువలో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి ఇచ్చే పరిహారాన్ని 10 లక్షలనుంచి 30 లక్షలకి పెంచింది. ధర పెరిగింది, దించడం ఆగలేదు. కోలారు బంగారు గనుల్లో సఫాయి పనిచేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. యంత్రాలు కొనడానికి డబ్బు దొరకనప్పుడల్లా కులం చవకగా దొరుకుతుంది. చనిపోయేది ఎక్కువగా మగవాళ్ళే. ఆ తర్వాత ఆ ఇంటిని ఈదేది, పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్ళ భార్యలు.

మరి డబ్బు ఎక్కడికి పోతోంది? 2021లో హైదరాబాద్‌కి 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు మంజూరు చేశారు, 3,866 కోట్ల రూపాయలతో. మూసీ ఒడ్డున బతికేవాళ్ళకి అది అవసరమే, కాదనను. గోదావరి ఒడ్డున రామగుండంలో ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సోలారు కేంద్రం 2022 జూలైనుంచి పూర్తిగా పనిచేస్తోంది, సుమారు 500 ఎకరాల నీటిమీద. ఆ కరెంటు పెద్ద లైన్లలోకి పోతుంది. విశాఖలో నగరపాలక సంస్థ 2018లోనే ముడసర్లోవ జలాశయం మీద 2 మెగావాట్ల పలకలు తేలించింది. స్థానిక సంస్థ తన సొంత జలాశయం మీద తన కరెంటు తాను చేసుకోవచ్చని చూపించిన ఉదాహరణ అది, చిన్నదే అయినా నాకు దానిమీదే గౌరవం ఎక్కువ. 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం బ్యాటరీ నిల్వలకి పెట్టుబడిలో 40 శాతందాకా సాయం ఇచ్చే పథకం ఆమోదించింది, 4,000 మెగావాట్ అవర్ల లక్ష్యంతో. ఆ నిల్వలో కనీసం 85 శాతం పంపిణీ సంస్థలకే అని అందులో రాసుకున్నారు. పంచాయతీ మోరీ చివరన ఉన్న పంపుకి అందులో చోటెక్కడ?

ఉట్నూర్ గ్రామ పంచాయతీ. అమృత్ రెండో దశ పట్టణాలది, అందులోనూ మురుగు పనులు పెద్ద ఊళ్ళకే. గ్రామాలకి స్వచ్ఛభారత్ రెండో దశలో వాడిన నీటి నిర్వహణకి పెట్టిన పరిమితి, ఐదువేల జనాభా దాటిన ఊళ్ళలో మనిషికి 660 రూపాయలు. హైదరాబాద్ జనాభా కోటి అనుకుంటే ఆ 3,866 కోట్లు మనిషికి దాదాపు 3,900 అవుతుంది. పాత కేంద్రాలు దానికి అదనం. ఇది పూర్తిగా సమానమైన పోలిక కాదని నాకు తెలుసు. పట్నంలో లెట్రిన్ల మురుగు కూడా కలిసి వస్తుంది, స్థలం దొరకదు, నేల పీల్చుకోదు. అయినా ఆరు రెట్ల తేడాకి నేలని సాకు చెప్పలేం.

పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీల నిధుల్లో 60 శాతం నీళ్ళకీ పారిశుధ్యానికీ కట్టిపెట్టింది. ఎన్నికైన పంచాయతీ ఉంటేనే ఆ నిధి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిశాక చాలాకాలం ప్రత్యేకాధికారులే నడిపారు. సగం సీట్లు స్త్రీలవైన సభలు లేకుండా పోయిన ఆ కాలంలో మోరీలు మాత్రం ఆగలేదు.

ఇంత చెప్పాక నేను ఉట్నూర్‌కి పెద్ద శుద్ధి కేంద్రం కట్టి పైన సోలారు పలకలు కప్పమంటున్నానని అనుకోవద్దు. కరెంటు తక్కువ తినే పద్ధతులు ఉన్నాయి. వరసగా తవ్విన మడుగుల్లో మురుగు ఎండకీ గాలికీ నెమ్మదిగా శుద్ధి అవుతుంది, దానికి యంత్రం అక్కర్లేదు, స్థలం కావాలి. ఒర్రెలోకి పడేముందు రెల్లు, తుంగ పెంచిన రాళ్ళ కాలువలూ కొంత పనిచేస్తాయి. ముందు అవి, ఆ తర్వాత ఎత్తుమీదికి తోడవలసినచోట చిన్న పంపు, ఆ పంపుకి పలకలూ బ్యాటరీ. ఆ వరస తలకిందులైతే లాభపడేది పలకలు అమ్మేవాళ్ళు. మడుగులకి స్థలం ఎవరిది తీసుకుంటారన్న ప్రశ్న కూడా అప్పుడే వస్తుంది. ఐదో షెడ్యూలు ప్రాంతంలో 1996 పెసా చట్టం కింద గ్రామసభని అడగకుండా భూసేకరణ చేయకూడదు. కుమ్రం భీం పేరుతో మనం తలుచుకునే మూడు మాటల్లో మొదటిది జల్. జోడేఘాట్ పోరాటం ముగిసి ఎనభై ఏళ్ళు దాటింది, గూడేనికి తాగేనీళ్ళూ మురుగూ ఇంకా ఒకే ఒర్రెలో.

ఇంకొక అనుభవం రాయకుండా ఉండలేను. కొన్నేళ్ళ క్రితం ఆ ప్రాంతంలోనే ఒక బాలికల హాస్టల్లో రెండు రోజులు ఉన్నాను. డాబా మీద సోలారు పలకలు, మెట్ల కింద గదిలో బ్యాటరీలు. అన్నీ చచ్చిపోయినవే. ఆ గదిలో చీపుళ్ళు, పగిలిన బకెట్లు దాచుకుంటున్నారు. రాత్రి కరెంటు పోతే ట్యాంకు నిండదు, సెప్టిక్ ట్యాంకు వైపు వాసన భరించలేం. నెలసరిలో ఉన్న ఒక పిల్ల తెల్లారేదాకా కడుక్కోవడానికి నీళ్ళు లేక కూర్చుని ఉండిపోయింది. మర్నాడు వార్డెన్‌ని అడిగితే, ‘పెట్టినోళ్ళు పెట్టిపోయిన్రు మేడం, కొత్త బ్యాటరీలకు పద్దే లేదు’ అంది. ఆమెనేం అనగలం? ఆ రకం బ్యాటరీ నాలుగైదేళ్ళు బతుకుతుంది. నీళ్ళు పోస్తూ, తుడుస్తూ చూసుకునే మనిషి లేకపోతే అంతకంటే తక్కువ. పెట్టుబడి పద్దులో కొన్నది నిర్వహణ పద్దులో చచ్చింది.

కాబట్టి మన కోరిక పలకల దగ్గర మొదలవకూడదు. పలకలకి డబ్బిచ్చే జీవోలోనే పదేళ్ళ నిర్వహణకి, బ్యాటరీ ఒకసారి మార్చడానికి డబ్బు రాసి ఉండాలి. చూసుకునే పనికి ఊళ్ళో స్త్రీలని తీసుకోవాలి, గౌరవ వేతనమన్న మాట లేకుండా, కనీస వేతనంతో. ‘ఆడవాళ్ళకి కరెంటు పని ఏం వస్తుంది’ అనేవాళ్ళకి రాజస్థాన్‌లోని తిలోనియా చూపించండి. బేర్‌ఫుట్ కాలేజీలో అక్షరాలు రాని అమ్మమ్మలు సోలారు దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్చుకుని వెళ్ళారు, ఆఫ్రికా దేశాలనుంచి కూడా వచ్చి. 2025లో మన రాష్ట్రంలో మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల సోలారు పెట్టిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. అందులో అప్పు ఎవరి పేరున ఉంటుంది, కరెంటు ఎవరు కొంటారు, ఆ కొన్న డబ్బు ఎన్నాళ్ళకి చేతికొస్తుంది అని అడగకుండా సంతకాలు పెట్టొద్దని సంఘాల మిత్రులకి నా మాట. ఆ ప్లాంట్లలో కొన్నిటినైనా ఊరి నీటి పంపులకీ మురుగు పంపులకీ ముడిపెట్టమని అడగవచ్చు. పంచాయతీ నెలనెలా పంపిణీ సంస్థకి కట్టే బిల్లు సంఘానికి వస్తుంది.

ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్, జైనూర్ వైపు పనిచేసే కార్యకర్తలు ఒక పని చేసిపెట్టాలి. మీ ఊళ్ళో ఒక మోరీ ఎంచుకుని, వారంపాటు ఏ గంటకి ఎంత నిండుతోందో, ఆ గంటకి కరెంటు ఉందో లేదో, అది ఎక్కడ పడుతోందో, పడిన చోట ఎవరు నీళ్ళు వాడుకుంటున్నారో రాసి పంపండి. గ్రామసభలో మాట్లాడాలంటే పంచాయతీ కార్యదర్శి ముందు పెట్టడానికి మన దగ్గర కాగితం ఉండాలి. నా మూడు రోజుల కాగితం చాలలేదు. ‘ఒక్క మోరీయే కదా మేడం’ అన్నాడాయన.