సరంగు మాటకు తిరుగుండకూడదు

గోదావరి మీద లాంచీ ప్రయాణంలో మర్యాద వేరు, భద్రత వేరు కావు. బస్సులో పది మంది లేచి ఒక పక్కకు చేరితే తోటి ప్రయాణికులకు విసుగు పుడుతుంది, అంతే. లాంచీ పైఅంతస్తులో ఉన్నవారంతా ఒక్కసారిగా ఒక పక్కకు చేరితే బోటు ఒరుగుతుంది. బరువు పైకి చేరేకొద్దీ ఒరిగిన బోటు తిరిగి నిలదొక్కుకోవడం కష్టం. అంచు మీదుగా నీరు వస్తే ఆ నీరూ ఒరిగిన పక్కకే చేరుతుంది, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు. భద్రాచలం నుంచి పాపికొండల విహారానికి వెళ్లేవారిలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. బోటులో అది బాగా తెలిసిన మనిషి దాన్ని నడిపే సరంగు. అతని మాట చెల్లకపోవడమే ఈ నదిపై కనిపించే దురుసుతనానికి మూలం.

భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు కూనవరం, వరరామచంద్రాపురం మీదుగా పోచవరం రేవుకు చేరి లాంచీ ఎక్కుతారు. పేరంటాలపల్లిలో దిగి, శివాలయం చూసి, కొండరెడ్లు చేసిన వెదురు బొమ్మలు కొనుక్కుని పాపికొండల నడుమకు సాగుతారు. ఎక్కేటప్పుడు అందరికీ లైఫ్ జాకెట్లు ఇస్తారు. కొంత దూరం పోయాక ఉక్కపోస్తోందని ఒకరు, ఫొటోలో బాగోదని మరొకరు వాటిని విప్పేస్తారు. భోజనాల వేళకు చాలా జాకెట్లు కుర్చీల కింద చేరతాయి. పైన పాటలు, డాన్సులు సాగుతుంటాయి. కొండలు దగ్గరపడి మలుపు కనిపించగానే సెల్‌ఫోన్లు పట్టుకుని అందరూ ఒకే అంచుకు ఎగబడతారు. కూర్చోమని లాంచీలో పనిచేసే కళాసీ బతిమాలితే, డబ్బులిచ్చి వచ్చామన్న జవాబు వస్తుంది.

2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ పున్నమి బోటు మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు. గండి పోచమ్మ ఆలయం దగ్గర బయలుదేరిన ఆ బోటులో హైదరాబాద్ వాళ్లున్నారు, వరంగల్ పక్కనున్న కడిపికొండ వాళ్లున్నారు. ఆనాడు గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం ఉంది. కచ్చులూరు దగ్గర నది కొండల మధ్య ఇరుకై మలుపు తిరుగుతుంది, సుడులు లేస్తాయి. భోజనాల వేళ కావడంతో చాలామంది జాకెట్లు విప్పి ఉన్నారని బయటపడినవారు చెప్పారు. తూటుగుంట గ్రామస్థులు నాటు పడవలేసుకుని వెళ్లి చేతికందినవారిని ఒడ్డుకు చేర్చారు. మునిగిన బోట్లు వెలికితీసే ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి తీసేసరికి అక్టోబర్ 22 వచ్చింది.

ఇక్కడ గమనించాల్సిన అంకె ఒకటుంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మట్టానికి ప్రవాహం సుమారు 9 లక్షల క్యూసెక్కులు ఉంటుంది. కచ్చులూరు ప్రమాదం జరిగింది అందులో సగానికి కాస్త ఎక్కువ ప్రవాహంలోనే. ఆ హెచ్చరిక ఒడ్డున లోతట్టు ప్రాంతాల్లో ఉండే జనం కోసం పెట్టినది, లాంచీల కోసం కాదు. హెచ్చరిక రాలేదు కదా, నది శాంతంగానే ఉందని విహారయాత్రకు వచ్చినవారు అనుకోవడం సహజం. సరంగు మాత్రం సుడి తిరుగుతున్న తీరు, నీటి రంగు, కొట్టుకొస్తున్న మానులు చూసి లెక్క కడతాడు. ఈ రోజు వద్దు అనే అధికారం అతనికి లేకపోతే ఆ అనుభవం వృథా.

కచ్చులూరుకు ముందూ హెచ్చరికలు లేకపోలేదు. 2018 మే 15న అదే మండలంలోని మంటూరు దగ్గర ఈదురుగాలికి లాంచీ బోల్తాపడి సుమారు 20 మంది చనిపోయారు. వాన జల్లు పడుతోందని తలుపులు, కిటికీలు మూసుకోవడంతో లోపలున్నవారికి బయటికి దారి లేకపోయింది. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పరిమితికి మించి ఎక్కించుకున్న బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. దానికి పర్యాటకులను తిప్పే అనుమతే లేదు. కచ్చులూరు తర్వాతా అదే కథ: 2023 మేలో కేరళలోని తానూరులో 22 మందిని పొట్టన పెట్టుకున్నదీ కిక్కిరిసిన విహార బోటే.

ప్రమాదం దాకా పోని దురుసుతనం గురించి ఎవరూ రాయరు, దాన్ని భరించేది ఒడ్డున ఉండే కొండరెడ్లు, కోయలు. వారికి నాటు పడవే సంతకూ, ఆసుపత్రికీ దారి. నీటికి జానెడు ఎత్తు అంచుతో సాగే ఆ పడవ పక్కనుంచి పెద్ద లాంచీ వేగం తగ్గించకుండా దూసుకుపోతే, వెనక లేచే అలకు పడవలోకి నీరు చేరుతుంది. తెడ్డు వదిలి డొప్పతో నీరు తోడుకోవాలి. వలల మీదుగా పోతే ఫ్యానుకు చుట్టుకుని వల తెగుతుంది, ఆ నష్టం ఎవరూ కట్టివ్వరు. రాత్రి బస చేసిన ఇసుక తిన్నెల మీద మిగిలేవి బీరు సీసాలు, ప్లాస్టిక్ పళ్లాలు. కచ్చులూరులో మునుగుతున్నవారిని లాగింది ఇలాంటి నాటు పడవలే. వాటి పట్ల ఇంత నిర్లక్ష్యం క్షమించరానిది.

ఈ దురుసుతనం గోదావరికే పరిమితం కాదు. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని జలాశయంలో ప్రవాహం ఉండదు కాబట్టి విహారానికి వచ్చినవారికి ధైర్యం ఇంకా ఎక్కువ. అది అభయారణ్యం, నీళ్లలో మొసళ్లున్నాయి. చేతులు నీటిలో ఆడించడం, తినుబండారాలు విసరడం అక్కడ సరదా కాదు.

ప్రయాణికులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. విహారం రద్దయితే యజమాని రాబడి పోతుంది, సరంగు కూలి పోతుంది. జాకెట్ విప్పిన వారిని గద్దిస్తే ఫిర్యాదు వస్తుందని కళాసీకి భయం. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం రిజిస్ట్రేషన్, తనిఖీ, బీమా, నడిపేవారికి అర్హతాపత్రం తప్పనిసరి చేసింది. కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రేవుల వద్ద కంట్రోల్ రూమ్‌లు పెట్టింది. అవన్నీ బోటు బయలుదేరే దాకా జరిగే పనులు. రేవు దాటాక జాకెట్ విప్పితే పాట ఆపించి, వినకపోతే బోటు వెనక్కి తిప్పే హక్కు సరంగుకు రాతపూర్వకంగా ఉండాలి. అతను రద్దు చేసిన రోజున ప్రయాణికుడికి డబ్బు పూర్తిగా వెనక్కి రావాలి, సిబ్బందికి కూలి ఆగకూడదు. మలుపుల దగ్గర సౌండ్ సిస్టమ్ కట్టేయాలి, ఎదురొచ్చే లాంచీ హారన్ వినబడాలంటే అదొక్కటే మార్గం.

భద్రాచలం విషయంలో మరో చిక్కుంది. 2014లో ఖమ్మం జిల్లాలోని పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. టికెట్లు తెలంగాణలోని భద్రాచలంలో అమ్ముడవుతాయి, లాంచీ ఆంధ్రప్రదేశ్‌లోని పోచవరంలో కదులుతుంది. అమ్మిన ఏజెంటుపై ఒక ప్రభుత్వం, నడిపిన యజమానిపై మరో ప్రభుత్వం చర్య తీసుకోవాలి. ఏ బోటుకు ఎన్ని టికెట్లు అమ్మారో పోచవరం కంట్రోల్ రూమ్‌కు ముందే తెలియాలి. ఆ సంఖ్య దాటితే బోటు రేవు వదలకూడదు. ఇందుకు రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు కలిసి ఒకే టికెట్ విధానం పెట్టుకోవడం అవసరం.