నంబరు చూసి కాల్ మళ్లించడం

పెద్ద సంస్థకు ఫోన్ చేస్తే, మనం నోరు తెరవకముందే మన నంబరు అక్కడికి చేరిపోతుంది. కాల్ ఎవరికి ఇవ్వాలి, ఏ భాషలో పలకరించాలి, వరుసలో ఎవరిని ముందుకు జరపాలి అన్నది కంప్యూటరు ఆ నంబరును బట్టే తేలుస్తుంది. ఈ పద్ధతి చిన్న వ్యాపారాలకూ అందుబాటులోకి వచ్చింది కాబట్టి, దీని మంచిచెడ్డలు కోనసీమ కూడా ఆలోచించుకోవాలి.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారినే తీసుకోండి. దింపు ఎప్పుడని రైతు, లోడు ఎక్కడ ఎత్తాలని లారీ డ్రైవరు, కురిడీ ధర ఎంతని ఉత్తరాది వ్యాపారి, అందరూ చేసేది ఒక్క నంబరుకే. పాత ఖాతాల నంబర్లు ముందే నమోదై ఉంటే హిందీ కాల్ హిందీ వచ్చిన గుమాస్తాకు, రైతు కాల్ లెక్కలు చూసే మనిషికి నేరుగా వెళ్తాయి. చెప్పిందే పదిమందికి చెప్పాల్సిన అవస్థ తప్పుతుంది.

గ్యాస్ బుకింగ్‌లో ఈ మేలు ఇంకా బాగా తెలుస్తుంది. 2021 జనవరి 1 నుంచి ఇండేన్‌కు నమోదైన నంబరుతో ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే సిలిండరు బుక్ అవుతోంది. మీటలు నొక్కే పని లేదు, పైసా ఖర్చు లేదు. చదువు రాని అమ్మకూ, చూపు ఆనని తాతకూ ఇంతకంటే సులువు ఏముంటుంది?

చిక్కు కూడా అక్కడే ఉంది. కువైట్, దుబాయ్, ఖతార్‌లకు మనుషుల్ని పంపిన ఊళ్లు మనవి. కనెక్షన్‌కు కొడుకు నంబరు ఇచ్చి, ఆ సిమ్‌తోనే అతను గల్ఫ్ వెళ్లిపోతే, రాజోలులో తల్లి ఇచ్చే మిస్డ్ కాల్ పనిచేయదు. ముందు ఆ కనెక్షన్‌కున్న 16 అంకెల ఐడీతో తన నంబరు నమోదు చేసుకోవాలి. పొయ్యి వెలిగించేది ఆమే అయినా, యంత్రం లెక్కలో ఆమె కొత్త మనిషి.

ల్యాండ్‌లైన్ రోజుల్లో 08856 అంటే అమలాపురం, 08862 అంటే రాజోలు. నంబరే ఊరు చెప్పేది. ఆపై మొబైల్‌లో 2011 జనవరిలో నంబరు మారకుండా కంపెనీ మారే వీలు, 2015 జులైలో రాష్ట్రం దాటినా అదే నంబరు ఉంచుకునే వీలు వచ్చాయి. ఇప్పుడు అంకెలను బట్టి ఊరూ భాషా ఊహిస్తే తప్పు పోవచ్చు. పైగా నంబరునే దొంగిలించి చూపే మోసగాళ్లున్నారు. 2024 అక్టోబరులో కేంద్రం విదేశాల నుంచి భారతీయ నంబర్లతో వచ్చే నకిలీ కాల్స్‌కు అడ్డుకట్ట వేస్తే, తొలి 24 గంటల్లోనే సుమారు 1.35 కోట్ల కాల్స్ ఆగాయి. కాబట్టి నంబరు సరిపోయిందని ఖాతా వివరాలు, బకాయి లెక్కలు చెప్పేయకూడదు.

ఎక్కువ సరుకు కొనేవారి కాల్ ముందు తీయడం వ్యాపారంలో తప్పేమీ కాదు. కానీ అర ఎకరం తోట ఉన్న రైతు ప్రతిసారీ వరుస చివరే నిలబడితే, ఆరోజు ధర అతనికి అందేసరికి బేరం అయిపోతుంది.

అందుకే నా తీర్పు ఇది: పద్ధతి పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. అయితే నంబరుతో తేల్చాల్సింది కాల్ మొదట ఎవరు తీయాలన్నదే, ఎవరికి ఏ హక్కు ఉందన్నది కాదు. తెలియని నంబరుకూ, తప్పుదారి పట్టిన కాల్‌కూ తెలుగులో బదులిచ్చే మనిషి ఒకరు తప్పక ఉండాలి. ఆ ఒక్క జీతం మిగుల్చుకోవడానికే ఈ ఏర్పాటైతే, దాని భారం ఎత్తేది మన ముసలి తల్లిదండ్రులే.