ఆగి నడిచిన దినము

చైనాలోని షియాన్ మహానగరంలో స్నేహితులతో మేము ఒక దినము గడిపాము. ఉదయమే పాత కోటగోడ ఎక్కాము. దాని చుట్టుకొలత సుమారు 14 కిలోమీటర్లు. అంతా తిరిగి చూడాలని మా తొందర. స్నేహితురాలి తల్లిగారికి మోకాళ్ళ నొప్పులు. ఆమెను మెట్ల దగ్గర కూర్చోబెట్టి సాగిపోయాము. తిరిగొచ్చేసరికి ఎండలో ఒంటరిగా ఉన్నారు. ఒక్క మాటైనా అనలేదు. మాకు సిగ్గువేసింది.

మధ్యాహ్నం ఆమె నడకతోనే నడిచి శిలాశాసనాల మ్యూజియం చేరాము. అక్కడ క్రీ.శ. 781లో నిలిపిన తొమ్మిది అడుగుల రాయి ఉన్నది. అలోపెన్ అనే బోధకుడు 635లో ఈ పట్టణానికి సువార్త తెచ్చాడని దానిపై చైనా లిపిలో చెక్కారు. శతాబ్దాలు మట్టిలో పూడి, 1620ల్లో బయటపడింది. తల్లిగారు దాని ఎదుట చాలాసేపు నిలిచి, "ఎన్నాళ్ళు ఓర్చుకుందమ్మా ఈ రాయి!" అన్నారు.

సాయంత్రం పెద్ద బాతు గోపురానికి వెళ్ళాము. అమరావతి దగ్గరి మన ధాన్యకటకంలో కొంతకాలం ఉన్న హ్యూయన్‌త్సాంగ్, భారతదేశం నుండి తెచ్చిన గ్రంథాల కోసం మొదట 652లో కట్టినది. ఓపిక ఉన్నవారు పైకెక్కారు. మేము ఆమెతో క్రిందనే కూర్చున్నాము. చూడనిది కొంత మిగిలింది గాని, మనస్సు నిండింది.

ప్రియులారా, మన ఇంట మెల్లగా నడిచేవారి కొరకు మనము ఆగుచున్నామా?